అప్పుకు హద్దు చట్టసభ చేతిలో ఉండాలన్న అంబేడ్కర్

బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా అందరూ తలుస్తారు. ఖజానా లెక్కలు క్షుణ్ణంగా చదివిన ఆర్థికవేత్తగా తలిచేవారు తక్కువ.

1891లో మౌలో సుబేదారు ఇంట పుట్టిన ఆయన, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1915లో ఎం.ఏ. కోసం ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాలపై పరిశోధన రాశారు. 1858లో కంపెనీ పాలన పోయింది, దాని అప్పు మాత్రం ఈ దేశ ప్రజల నెత్తిన పడింది. వాళ్లను అడిగినవారు లేరు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరి లండన్ చదువు మధ్యలో ఆగినా, మళ్లీ వెళ్లి 1923లో రూపాయి సమస్యపై డాక్టరేట్ సాధించారు.

1949 ఆగస్టులో రాజ్యాంగ సభ కేంద్రం అప్పుల అధికారాన్ని చర్చించింది. అదే నేటి 292వ అధికరణ. ప్రభుత్వం ఎంత అప్పు చేయవచ్చో పార్లమెంటు చట్టంతో పరిమితి పెట్టవచ్చని, కావాలంటే ఏటా ఒక రుణ చట్టం చేయవచ్చని అంబేడ్కర్ వివరించారు. చట్టం చేయకపోతే ఆ తప్పు పార్లమెంటుదేనన్నారు. లోటుకు కళ్లెం వేసే ద్రవ్య బాధ్యత చట్టం రావడానికి 2003 దాకా పట్టింది.

ఇది మనకెందుకు? అప్పుపై వడ్డీ లోక్‌సభ ఓటుకు రాదు, కట్టి తీరాల్సిందే. దళిత పిల్లల హాస్టళ్లకు, స్కాలర్‌షిప్పులకు ఇచ్చే నిధులు ఓటుకు వస్తాయి. కోత పడేదీ వాటికే. స్కాలర్‌షిప్పుతో చదివిన మనిషి అప్పుకు హద్దు గురించి ఎందుకు పట్టించుకున్నారో ఇక్కడే అర్థమవుతుంది.