శిష్యుని చేతిలో ఓటమిని కోరిన గురువు
ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

పరిశోధన యనగానే మన విద్యార్థులకు గాజుగొట్టములును, పెద్ద యంత్రములును స్ఫురించును. కాని పరిశోధకునికి మొదటి పనిముట్టు అతని మనస్సే. ఆ మనస్సు ఎట్లుండవలెనో, గురువు శిష్యునియందు ఏమి ఆశింపవలెనో తన జీవితముచే చూపిన మహనీయుని చరిత్రను ఇచట సంగ్రహముగా తెలుపదలచితిమి.

ప్రఫుల్లచంద్రుడు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన వంగదేశమున రాడులీ గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు బంగ్లాదేశములోనున్నది. కలకత్తాలో చదువుచుండగా 1874లో రక్తగ్రహణి పట్టి బడి మానవలసివచ్చెను. ఆ తీరిక కాలమును ఆయన తండ్రిగారి గ్రంథాలయమునకు అర్పించెను. 1882లో గిల్‌క్రిస్టు విద్యార్థివేతనము పొంది స్కాట్లండుకు వెడలి, 1887లో ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. ఇంత చదివి వచ్చినను, ఆంగ్లేయులకు దక్కెడి ఉన్నత శ్రేణి ఉద్యోగము ఆయనకు దక్కలేదు. సుమారొక సంవత్సరము వేచియుండి, 1889లో నెలకు 250 రూపాయల జీతముపై కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను.

ఆయనకు కీర్తి తెచ్చిన సంఘటన మిక్కిలి చిన్నది. ఒకనాడు చల్లని సజల నత్రికామ్లమును పాదరసముపై పోసి వేఱొక లవణమును తయారుచేయుచుండగా, అడుగున పసుపుపచ్చని స్ఫటికములు కనబడెను. అది క్షారస్వభావముగల సామాన్య లవణమేయని మొదట తోచెను. కాని అంత ఆమ్లములో అట్టి లవణము పుట్టుట అనుభవవిరుద్ధము గదా! ఈ సందేహమును ఆయన విడువలేదు. పరీక్షించి చూడగా అది మెర్క్యురస్ నైట్రైటని తేలెను. ఈ పరిశోధన 1896లో ప్రకటితమయ్యెను. ఎదురుచూడనిది కంటబడినపుడు దానిని పాఱబోయక నిలిచి ప్రశ్నించుటయే పరిశోధకుని ప్రథమధర్మమని దీనివలన మనము గ్రహింపవలెను.

శిష్యులయందు ఆయన కోరినదియు ఇట్టి శ్రద్ధయే. పట్టము ఉద్యోగమునకు మెట్టు మాత్రమేయని తలచువారిని ఆయన గట్టిగా మందలించెడివాడు. గుమాస్తా పనికై పరుగులిడుటకంటె స్వశక్తిపై నిలుచుట మేలని బోధించి, తానే బెంగాల్ కెమికల్ కర్మాగారమును స్థాపించి చూపెను. లేతమనస్సులు మెత్తని మట్టివంటివని యెంచి, క్రింది తరగతులకు పాఠము చెప్పుటను తానే కోరుకొనెను. తరగతిలో రసాయనశాస్త్రమును తఱచుగా వంగభాషలోనే వివరించెడివాడు. ఇంటిభాష యొకటి, వీధిభాష వేఱొకటియైన మనకు ఈ విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. మాతృభాషలో అర్థమైన శాస్త్రము ఏ భాషలోనికైనను వెంటవచ్చును. అర్థము కానిది ఏ భాషలో వల్లించినను నిలువదు.

కోరుటయేకాదు, తానిచ్చుటయు ఆయనకు తెలియును. 1912లో అమోనియం నైట్రైటు ఆవిరి సాంద్రతను గూర్చిన వ్యాసము వెలువడినపుడు, గురువు పేరితోబాటు నీలరతన ధర్ మొదలగు శిష్యుల పేర్లును దానిపై నిలిచెను. అంతట జయము కోరినను శిష్యునిచేత మాత్రము ఓటమిని కోరవలెనని మన పెద్దలు చెప్పినదానిని ఆయన మనసార నమ్మెను. ఆ కోరిక ఫలించినది. ఆయన తరగతిలో కూర్చున్న మేఘనాద సాహా, సత్యేంద్రనాథ బోసు భౌతికశాస్త్రమున విశ్వవిఖ్యాతులైరి. జ్ఞానచంద్ర ఘోషు ఖరగ్‌పూరు సాంకేతిక విద్యాసంస్థకు మొదటి సంచాలకుడయ్యెను.

1916లో విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో ఆచార్యపదవి స్వీకరించిన పిదప, ఆయన ఆ భవనములోనే యొక గదిలో నివసించెను. వివాహమాడలేదు. అరువదియేండ్లు నిండిన 1921 మొదలుకొని తన జీతమంతయు విశ్వవిద్యాలయమునకే విడిచెను. ప్రాచీన భారత రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటములుగా రచించిన ఆయన, రసవాదిగా పేరొందిన నాగార్జునుని పేర 1922లో రసాయన పరిశోధనకు బహుమతిని నెలకొల్పెను. 1944 జూన్ 16వ తేదీన ఆ కళాశాల గదిలోనే కన్నుమూసెను.

విద్యార్థులారా! మీ ప్రయోగపుస్తకములో రావలసిన సంఖ్యకు మారుగా వేఱొకటి వచ్చినపుడు, ప్రక్కవాని పుస్తకము చూచి దిద్దుకొనకుడు. వచ్చినది వచ్చినట్లు వ్రాసి, ఏల వచ్చెనని ఉపాధ్యాయుని అడుగుడు. ఆయన చెప్పలేకపోయిన, మీరే వెదకుడు. మిమ్ము చూచి మేమును ఓడిపోవ గోరుచున్నాము.