లిల్లీ పార్

మన సేత్తూరు నుండి రాజపాళయము పోవువారికి నూలు మిల్లులు క్రొత్తవి కావు. ఇంగ్లండు దేశమున లాంకషైరు అను సీమయు అట్లే నూలు మిల్లులకు పేరొందినది. ఆ సీమలోని ప్రెస్టన్ పట్టణమున ఫ్యాక్టరీ పని చేసికొని బ్రదికిన స్త్రీలు కొందఱు ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటలో మిక్కిలి ప్రఖ్యాతి గాంచిరి. వారిలో మేటి లిల్లీ పార్. ఆమె చరిత్రము మన విద్యార్థినీ విద్యార్థులతోపాటు వారి తల్లిదండ్రులును తెలిసికొనదగినది.

లిల్లీ పార్ 1905వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన సెయింట్ హెలెన్స్ పట్టణమున ఒక పేద కుటుంబమున జన్మించెను. ఆ యూరు గాజు పరిశ్రమకు ప్రసిద్ధి. ఏడుగురు బిడ్డలలో ఆమె నాలుగవది. ఇంటిపనులు నేర్చుటకంటె సోదరులతో కూడి ఖాళీస్థలములలో బంతి తన్నుటయందే ఆమెకు మక్కువ హెచ్చు. అచ్చటనే ఆమె యెడమకాలికి అసామాన్యమైన బలము చేకూరినది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. పురుషులు యుద్ధరంగమునకు పోగా ఫ్యాక్టరీలలో వారి పనులను స్త్రీలు చేపట్టిరి. ప్రెస్టన్‌లోని డిక్ కెర్ కంపెనీ అంతకుముందు ట్రాముబండ్లు మొదలగునవి చేయుచుండెడిది. యుద్ధకాలమున ఫిరంగి గుండ్లు చేసినది. మధ్యాహ్న విరామమున అచ్చటి పనికత్తెలు ఆవరణములో బంతి ఆడుచుండగా ఆఫీసు ఉద్యోగి ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ చూచి వారినొక జట్టుగా కూర్చెను. 1917 క్రిస్మస్ దినమున డీప్‌డేల్ మైదానమున వారాడిన ఆటకు పదివేలమంది వచ్చిరి. వసూలైన సొమ్ము గాయపడిన సైనికుల వైద్యమునకు పోయినది.

లిల్లీ తన యూరి జట్టు తరఫున ఈ డిక్ కెర్ జట్టుపై ఆడి ఓడిపోయెను. ఓడినను ఫ్రాంక్‌లాండ్ కన్ను ఆమెపై పడినది. 1920లో ఆమెకు ఫ్యాక్టరీలో పనియు, జట్టులో చోటును దొరకెను. అప్పటికి ఆమె పదునాలుగు పదునైదేండ్ల బాలిక. ఒక్కొక్క ఆటకు పది షిల్లింగులు ఇచ్చెడివారు. పేదయింటి పిల్లకు అది చిన్న మొత్తము కాదు.

మొదట ఆమెకిచ్చినది ఎడమవైపు బ్యాక్ స్థానము. ఆ కాలమున గోలుకీపరునకు ముందు ఇద్దఱే బ్యాకులు నిలిచెడివారు. ముందువైపున ఐదుగురు ఫార్వర్డులు దాడి చేసెడివారు. తోలుబంతి వానలో తడిసి బరువెక్కెడిది. దానిని ఎదుటివారి కాళ్లనుండి లాగికొని దూరముగా తన్నుట సామాన్యమైన పని కాదు. గోలు కొట్టినవారి పేరు పత్రికలకెక్కును. గోలు పడకుండ ఆపినవారిని తలచువారరుదు. కొలదికాలమునకే లిల్లీ ఎడమవైపు అంచున ఆడు ఫార్వర్డుగా మారి గోలులు కొట్టుటలో అసమానురాలయ్యెను. ఆమె కొట్టిన బంతిని ఆపబోయి ఒక పురుష గోలుకీపరు చేయి విరుగగొట్టుకొనెనని ఒక కథ గలదు. కథ యెట్లున్నను ఆ కాలి బలమును శంకించినవారు లేరు.

బ్యాకు స్థానపు మాట వచ్చినది గనుక ఆ జట్టు నాయకురాలు ఆలిస్ కెల్‌నుగూర్చియు చెప్పవలెను. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కునందు డిక్ కెర్ జట్టు సెయింట్ హెలెన్స్ జట్టుతో, అనగా లిల్లీ స్వస్థలపు జట్టుతో, తలపడెను. లోపల 53,000 మంది చూచుచుండిరి. వేలకొలది జనము చోటులేక బయటనే నిలిచిపోయిరి. ముఖ్యమైన ఫార్వర్డు ఒకతె రైలు అందక రాలేకపోయెను. బ్యాకైన ఆలిస్ కెల్ రెండవ భాగమున తానే ముందునకు వచ్చి మూడు గోలులు కొట్టగా జట్టు 4-0తో గెలిచెను.

ఇంత ఆదరణయే వారికి ముప్పు తెచ్చెనని పలువురి అభిప్రాయము. మాకును అట్లే తోచుచున్నది. 1921 డిసెంబరు 5వ తేదీన ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తన క్రింది క్లబ్బులు తమ మైదానములను స్త్రీలకీయరాదని ఆజ్ఞాపించెను. ధర్మకార్యములకని వసూలైన సొమ్ములో ఖర్చులకు మితిమీరి తీయుచున్నారని నిందయు మోపెను. యుద్ధకాలమున గుండ్లు చేయుటకు తగిన దేహములు యుద్ధము ముగియగనే బంతి తన్నుటకు తగనివెట్లయ్యెనో ఆ పెద్దలు తెలుపలేదు.

మైదానములు పోయినను లిల్లీ ఆట మానలేదు. 1922లో జట్టు అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికాకు పోయి అచ్చటి పురుషుల జట్లతోనే తొమ్మిది పోటీలాడెను. మూడు గెలిచి, మూడు ఓడి, మూడు సమము చేసెను. తిరిగి వచ్చిన పిమ్మట ఇంగ్లండులో సంఘమునకు చెందని స్థలములే వారికి గతియయ్యెను. 1926లో ఫ్రాంక్‌లాండ్‌నకును కంపెనీకిని చెడగా జట్టు పేరు ప్రెస్టన్ లేడీస్‌గా మారినది.

లిల్లీ ప్రెస్టన్ సమీపమున విటింగ్‌హామ్ మానసిక వైద్యశాలలో నర్సుగా శిక్షణ పొంది, ఉద్యోగము చేసికొనుచు ఆటను సాగించెను. మితభాషిణి, అయినను హాస్యప్రియ. చుట్టలవలె సిగరెట్లును ఆరోగ్యమునకు కీడు, ఆమెకో వాని అలవాటు జాస్తి; ఆ విషయమున మన పిల్లలు ఆమెను అనుసరింపనక్కరలేదు. 1946లో జట్టు నాయకురాలైనది. 1951లో ఆట చాలించునప్పటికి ఆమె వయస్సు నలుబదియైదు దాటినది. అనగా ముప్పదియేండ్ల ఆటలో తొలి రెండేండ్లు తప్ప తక్కినదంతయు నిషేధము క్రిందనే గడచినది.

1965లో ఆ జట్టు రద్దయినది. నిషేధము 1971లో తొలగినది. లిల్లీ అది చూచుటకు బ్రదికియుండెను, కాని ఆడు వయస్సు గతించినది. 1978 మే 24వ తేదీన క్యాన్సరు వ్యాధితో ఆమె కన్నుమూసెను.

2002లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ ప్రదర్శనశాల మహాక్రీడాకారుల తొలి జాబితాను ప్రకటించినప్పుడు అందులో చేరిన స్త్రీ ఆమె యొక్కతెయే. ఆ ప్రదర్శనశాల అప్పుడు ప్రెస్టన్‌లో, డీప్‌డేల్ మైదానముననే ఉండెడిది. అది మాంచెస్టరునకు తరలిన తరువాత 2019లో అచ్చట ఆమె కంచువిగ్రహమును నిలిపిరి.