తంతి వేగానికి పేరుగా మారిన ఎమిల్ బోడో

రాయ్‌పూర్‌లో నేడు ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేవారు సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని అడుగుతారు. తంతి తీగల కాలంలో ఇటువంటి వేగానికి ‘బాడ్’ అనే కొలమానం ఏర్పడింది. అది ఫ్రాన్స్‌కు చెందిన తంతి ఉద్యోగి ఎమిల్ బోడో పేరు నుంచి వచ్చింది.

బోడో 1845 సెప్టెంబరు 11న ఒక రైతు ఇంట జన్మించారు. ఆయన చదువు ప్రాథమిక పాఠశాలతోనే ఆగింది. కొంతకాలం తండ్రితో పొలం పనులు చేసి, 1869లో తంతి శాఖలో ఆపరేటరుగా చేరారు.

అప్పటి మోర్స్ పద్ధతిలో అక్షరాల నిడివి సమానం కాదు. ఒక అక్షరం ఒక్క చుక్కతో ముగిస్తే, మరొకదానికి నాలుగు సంకేతాలు కావాలి. అందువల్ల ఒకే తీగను పలువురు వంతులవారీగా వాడుకోవడం కష్టమయ్యేది. బోడో ప్రతి అక్షరానికీ సరిగ్గా ఐదు సంకేతాలు కేటాయించారు. విద్యుత్తు ఉండటం, లేకపోవడం అనే రెండు స్థితులతో 32 కూర్పులు వచ్చాయి. ఈ విధానానికి 1874లో పేటెంటు తీసుకున్నారు. ఆపరేటరు ముందు ఉండేవి ఐదే మీటలు: ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు. యంత్రం టక్కుమన్నప్పుడే నొక్కాలి. సంగీతంలో వలెనే, తాళం తప్పితే అంతా తప్పినట్లే.

1877లో పారిస్, బోర్డో నగరాల మధ్య ఈ యంత్రం పని ప్రారంభించింది. మరుసటి ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బోడోకు స్వర్ణపతకం లభించింది. అయితే ఆయన పరిశోధనకు శాఖ డబ్బు ఇవ్వలేదు. ఖర్చులకు చాలక ఆ పతకాన్నే అమ్ముకోవలసి వచ్చింది. ఐదు సంకేతాల ఆలోచన మొదట తనదేనంటూ మిమో అనే మరో ఆవిష్కర్త న్యాయస్థానాలకు ఎక్కడం అదనపు భారం. ఉద్యోగంలో పదోన్నతులు దక్కినా ఆరోగ్యం సహకరించలేదు. 1903 మార్చి 28న, 57 ఏళ్ల వయసులో బోడో కన్నుమూశారు.

ఆయన పేరు కొలమానంగా స్థిరపడింది 1926లో, అంతర్జాతీయ తంతి సంప్రదింపుల సంఘం నిర్ణయంతో. సెకనుకు ఒక సంకేతం చొప్పున సాగే వేగం ఒక బాడ్. దీనినే సెకనుకు ఒక బిట్ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఒక్కో సంకేతం పలు బిట్లను మోయగలదు. టెలిఫోను తీగపై 2400 బాడ్‌ల వేగంతో పనిచేసిన మోడెములు, సంకేతానికి నాలుగు బిట్ల చొప్పున సెకనుకు 9600 బిట్లు చేరవేశాయి.