కర్ర మోగకూడదనుకున్న మాండొలిన్

మారేడ్‌పల్లిలో మా రూమ్‌కి గిటార్ పిచ్చోళ్లు ఎవరొచ్చినా ఒకటే గొడవ: బాడీ మహోగనీ అయితే బాగుంటుందా, ఆల్డర్ అయితేనా? నాకు మాత్రం అప్పుడు గుర్తొచ్చేది గిటారిస్ట్ కాదు, మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్.

1969లో పుట్టారు. ఆరేళ్లకే నాన్న సత్యనారాయణ గారి మాండొలిన్ అందుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం రాదు! ఆయన పాడితే, పిల్లాడు విని వాయించేవాడు. అంటే గమకం గొంతులోంచి వచ్చింది. చిక్కంతా అక్కడే.

మామూలు మాండొలిన్‌కి లోపల బోలు, పైన పల్చటి చెక్క. తీగ మీటగానే ఆ చెక్క ఊగి, తీగలోని శక్తిని గబగబా శబ్దంగా బయటికి పంపేస్తుంది. సౌండ్ గట్టిగానే వస్తుంది, కానీ వెంటనే ఆరిపోతుంది. స్వరమే నిలవకపోతే గమకం ఎక్కడ పలికించాలి? పైగా తీగలు జంటలు జంటలు. రెండిటినీ ఒకేలా లాగడం నరకం.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. జంటలు పోయి ఐదు ఒంటి తీగలయ్యాయి. గట్టి కర్ర బాడీ పెద్దగా కదలదు, కాబట్టి శక్తి తీగలోనే ఎక్కువసేపు ఉంటుంది. ఉక్కు తీగ ఊగితే పికప్ అయస్కాంత క్షేత్రం మారి, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది (ఫస్టియర్ ఫిజిక్సే బాబూ). బొబ్బిలి వీణలో పనస కర్ర మోగాలి. ఇక్కడ కర్ర పని వీలైనంత కదలకుండా ఉండటం. అది బిగుతుగా ఉందా, ఏ స్వరం దగ్గర శక్తి లాగేస్తోందా అన్నదే నాకు ముఖ్యం. కర్ర పేరు తర్వాత.

1978లో గుడివాడలో తొలి కచేరీ, 1981లో మద్రాసు. ఈ పరాయి కరెంటు వాద్యానికి కర్ణాటక సంగీతమా అని మొదట్లో నొసలు చిట్లించినవాళ్లున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయారు. నలభై అయిదేళ్లే. మనం అప్పటికి బడి పిల్లలం.

మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒక్క మీటు తర్వాత స్వరం ఎంతసేపు బతుకుతుందో వాచీ పెట్టి చూడండి.