మూడోసారికి మెట్రిక్ పాసైన భీమవరం కుర్రాడు

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో డిగ్రీ పూర్తిచేసి నోటిఫికేషన్ల కోసం చూస్తున్నారా? మీ పక్కనే, భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఓ కుర్రాడికి మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికే మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు తొడుక్కున్నారు. తెల్ల ప్రొఫెసరుకి అది గిట్టలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్. సర్కారు వైద్య ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. 1922లో మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ట్రస్టు ఇచ్చిన సాయంతో బోస్టన్‌లో దిగారు. అక్కడ పొట్టకూటికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తారు. మీలో ఎంతమంది ఆ పనికి ఒప్పుకుంటారు?

బయోకెమిస్ట్రీ వాళ్లకి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తెలిసే ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ కొలిచే ఆ పద్ధతి 1925 నాటిది. తర్వాత ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. అయినా హార్వర్డ్ పర్మినెంట్ చేయలేదు. 45 ఏళ్ల వయసులో, 1940లో, లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అసలు కథ అక్కడే మొదలైంది.

ఆయన అన్న స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది సుబ్బారావు బృందమే. అయితే బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ముదురుతోందని గమనించారు. మరి దాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ను లెడర్లీ పంపింది. డీఎన్ఏ తయారీకి సరుకు అందక క్యాన్సర్ కణాలు చచ్చాయి. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. పిల్లలకి జబ్బు తగ్గింది కొన్నాళ్లే, కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు.

నిజానికి అది విషమే. మంచి కణాలనీ కొడుతుంది. ఎంత డోసు, ఎన్నాళ్లు అన్నదే టాక్సికాలజీ లెక్క.

మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర డీఈసీ కూడా లెడర్లీలో ఆయన బృందం పనే. సుబ్బారావు మాత్రం ఊరికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఇంట్లో కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్ల మందుల చీటీ చూడండి. వారానికోసారి మెథోట్రెక్సేట్, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ ఉండొచ్చు. రెండూ ఆ ల్యాబ్‌లోంచి వచ్చినవే.