కోపమును గెలిచిన దీనబంధువు: విన్సెంటు డీ పాల్

మహాపురుషుల చరిత్రములు చదువునపుడు వారు తల్లి కడుపునుండియే శాంతమూర్తులై పుట్టిరని తలచుట మనకు పరిపాటి. అట్లు తలచుటలో మనకొక సౌకర్యము గలదు. అది వారికి పుట్టుకతో వచ్చిన గుణము, మనకు రాలేదు, కావున మనము ప్రయత్నింప బనిలేదని యూరకుండవచ్చును. ఫ్రాన్సు దేశమున 17వ శతాబ్దియందు దీనజనసేవకు మారుపేరైన విన్సెంటు డీ పాల్ చరిత్రము మనకీ సౌకర్యమును మిగుల్చదు. ఆయన స్వభావముచేత ముక్కోపి. ఒక్కొకప్పుడు దినములతరబడి మొగము ముడుచుకొని, ఎవ్వరితోను మాటలాడక యుండెడివాడు. తనది పైత్యప్రకృతి యనియు, తన మాట మొరటనియు ఆయనయే చెప్పుకొనెను. అట్టి మనుష్యుడు రోగులకును, ఖైదీలకును, దిక్కులేని శిశువులకును తల్లివంటివాడెట్లాయెనో సోదరులకు విన్నవించుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

విన్సెంటు 1581వ సంవత్సరమున ఫ్రాన్సునకు నైరృతి దిక్కునందలి గాస్కనీ సీమలో, డాక్సు పట్టణ సమీపమున, పూయి యను పల్లెయందు జన్మించెను. తలిదండ్రులు చిన్న సేద్యగాండ్రు. ఆరుగురు సంతానములో ఈయన మూడవవాడు. బాల్యమున గొఱ్ఱెలను, పందులను మేపెను. పిల్లవానికి చురుకుదనము గలదని గ్రహించి తండ్రి డాక్సులో చదువునకు బెట్టెను. తరువాత టూలూజు విద్యాపీఠమునకు బంపుటకై తన యెడ్లజత నమ్మివేసెను. సేద్యగాడు ఎడ్ల నమ్ముట యెంతటి త్యాగమో మనవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఆ తండ్రికి దక్కిన ప్రతిఫల మెట్టిదో వినుడు. ఆయన కొంచెము కుంటివాడు, వస్త్రములు మోటువి. ఒకనాడు కుమారుని జూడ డాక్సులోని పాఠశాలకు రాగా, తోడివిద్యార్థుల యెదుట తన తండ్రి యితడని చెప్పుకొనుటకు సిగ్గుపడి విన్సెంటు ఆయనతో మాటలాడుటకు బోలేదు. ఈ సంగతి ఇతరులు కనిపెట్టి వ్రాసినది కాదు. విన్సెంటే వృద్ధాప్యమున పలుమారు తన శిష్యుల యెదుట జెప్పి దుఃఖించెను.

ఆయన గురుపట్టమును 1600వ సంవత్సరమున, ఇరువది యేండ్లయిన నిండకమునుపే పొందెను. తిరుసభ నియమము ప్రకారము 24 సంవత్సరములు నిండవలెను. త్వరపాటునకు హేతువు భక్తి కాదు. మంచి ఆదాయముగల యొక గుడి మాన్యము సంపాదించి ఇంటివారిని గట్టెక్కింపవలెనను నాశయే. 1605లో సముద్రపు దొంగలు తన్ను బట్టి ట్యూనిసు నగరమున బానిసగా నమ్మిరనియు, రెండేండ్లకు దప్పించుకొని వచ్చితిననియు ఆయన జాబులు వ్రాసెను. వానిని నమ్మవచ్చునా యని చరిత్రకారులు నేటికిని వాదించుకొనుచున్నారు. వృద్ధుడైన పిమ్మట ఆ జాబులను తిరిగి తెప్పించి తగులబెట్టవలెనని ఆయన మిక్కిలి ప్రయత్నించెను గాని కొనసాగలేదు. ఆ గాథలో నిజమెంతయైనను, యౌవనమున ఆయన కోరినది పేరును, ధనమును అనుటలో సందేహము లేదు.

1608లో ఆయన పారిసు నగరము చేరెను. అచ్చట తన సీమవాడే యైన యొక న్యాయాధికారితో ఒకే గదిలో బస. ఒకనాడు ఆ న్యాయాధికారి సొమ్ము 400 ఎక్యూలు పోయెను. విన్సెంటు జ్వరముతో మంచము పట్టియుండగా, మందు దెచ్చిన అంగడి కుఱ్ఱవాడు బీరువా తెఱచి వానిని దొంగిలించెను. న్యాయాధికారి విన్సెంటునే దొంగయని నలుగురిలో దూషించి యిల్లు వెడలగొట్టెను. తెలిసినవారందఱి యొద్దను నింద వ్యాపించెను. ముక్కోపియైన విన్సెంటు ఏమి చేయునని మన మెదురు చూతుము? ఆయన నిజము దేవునికి దెలియునని మాత్రము పలికి యూరకుండెను. మందు కుఱ్ఱవానిపై తన యనుమానమునైన బయటపెట్టలేదు. సుమారు ఆరు సంవత్సరములకు ఆ దొంగ వేఱొక యపరాధమున జిక్కి తన తప్పొప్పుకొనెను. న్యాయాధికారి సిగ్గుపడి క్షమాపణ కోరుచు జాబు వ్రాసెను. నా యభిప్రాయములో ఆ నాటి మౌనము కోపజయము కాదు. కోపమును నోటిలో నిలుపగలిగెనేగాని అది హృదయమును విడిచిపోలేదనుటకు ముందు కథ సాక్ష్యము.

1613లో విన్సెంటు ఫిలిప్ ఎమ్మాన్యుయేల్ డీ గోండీ యను మహాప్రభువు నింట బిడ్డలకు జదువు చెప్పు గురువుగా జేరెను. ఫ్రాన్సు రాజుగారి తెడ్ల యోడల దండున కీ ప్రభువే సేనాధిపతి. ఒకనాడు ఆయన తన బంధువును జంపినవానితో ద్వంద్వయుద్ధము చేయ నిశ్చయించుకొని, అంతకుముందు భక్తితో పూజ వినుటకు గుడికి వచ్చెను. పూజ ముగిసి అందఱును వెడలిన పిమ్మట విన్సెంటు ఆయన పాదములకడ మోకరించి, ఆ సంకల్పమును విడువనియెడల దైవదండనము ఆయనపైనను ఆయన సంతతిపైనను బడునని నిర్భయముగా జెప్పెను. ప్రభువు కత్తి మానుకొనెను. జీతమిచ్చు యజమానుని కోపము నిట్లు శాంతింపజేసినవాడే, ఆ యింటనే, తన ముభావముచేత ఇల్లాలిని గలతపెట్టుచుండెను. ఆయన మొగము చూచి, తన వలన నేమి యపచారము జరిగెనో యని ఆ యమ్మ భయపడెడిది; కొన్నిమారు లామాట ఆయనతోనే చెప్పెను. పరుల కోపమున కౌషధ మిచ్చుట సులభము. తన కోపము తనకు గానరాదు, ఎదుటివారు చెప్పవలెను.

1617వ సంవత్సర మాయన జీవితమునకు మలుపు. జనవరిలో గోండీ ప్రభువుల జమీలోని ఒక పల్లెయందు అవసానస్థితి నున్న రైతొకడు, ఊరివారిచే పుణ్యాత్ముడని పేరొందినవాడు, ఏండ్లతరబడి దాచుకొన్న పాపముల నాయనకు జెప్పుకొని శాంతి నొందెను. పల్లెజనుల ఆత్మల నెవ్వరును బట్టించుకొనుట లేదని విన్సెంటునకు దెలిసినది. ఆ యాగస్టులో షాటియాన్ అను చిన్న పట్టణమున విచారణ గురువుగా నుండగా, ఒక ఆదివారమున పూజకు సిద్ధమగుచున్న వేళ, ఊరి వెలుపల నొక కుటుంబమున నందఱును జబ్బుపడి, గంజి కాచియిచ్చు దిక్కు లేదని వార్త వచ్చెను. ఆయన ప్రసంగములో నామాట చెప్పెను. సాయంకాలము తానును బోవుచుండగా దారి పొడుగునను స్త్రీలు రొట్టెలు, మాంసము, పులుసు మోసికొని పోవువారు, వచ్చువారు.

ఇచ్చట సామాన్యుడైనచో సంతోషించి యింటికి బోవును. విన్సెంటు పల్లెవాడు, లెక్క తెలిసినవాడు. ఇంత యాహారమొక్కనాడే వచ్చిపడినచో సగము కుళ్లును, ఎల్లుండి వారి గతి మొదటివలెనే యుండునని కనిపెట్టెను. మూడు దినములలో ఆ స్త్రీల నొక సమాజముగా గూర్చి, వంతులు నిర్ణయించెను. ఆ సమాజమునకు వ్రాసిన నియమములు చదువదగినవి. రోగి యొద్దకు బోవునపుడు నగుమొగముతో బలుకరింపవలెను. మంచముపై పళ్లెరము నమర్చి, తుండుగుడ్డ పఱచి, చేతులు కడిగించి, మాంసము ముక్కలుగా గోసి యీయవలెను. తోడున్న రోగులను మొదట జూచి, ఒంటరివారిని చివఱకు నిలుపవలెను. ఏలయన, అప్పుడు వారియొద్ద నెక్కువ సేపు కూర్చుండవచ్చును. ఈ కడపటి నియమమును వ్రాసినవాడు రోగి పక్కమీద తానే పడియుండి యాలోచించినట్లున్నది. మన సంఘములు అన్నదానములును, సత్రములును బెట్టునపుడు ఎన్ని విస్తళ్లు లేచినవో లెక్కించుటతో తృప్తి పడుచుండుట గలదు.

1619లో ఆయనకు తెడ్ల యోడల ఖైదీల గురువుగా రాజనియామకము గలిగెను. ఆ యభాగ్యులను కాళ్లకు సంకెలలు వేసి, బల్లలకు గట్టి, కొరడాలతో గొట్టి తెడ్లు వేయించెడివారు. ఒక ఖైదీని విడిపించి వాని సంకెల తాను దొడుగుకొనెనని జనులు చెప్పుకొను కథకు నమ్మదగిన యాధారము లేదు. సత్యమైనది వేఱొకటి గలదు. నా దృష్టికి అదియే గొప్పది. తాను కఠినముగా మాటలాడినపుడెల్ల పని చెడిపోయెననియు, వారి సంకెలలను ముద్దిడుకొని, వారి దుఃఖమునకు దుఃఖించినపుడు మాత్రమే వారు తన మాట వినిరనియు ఆయన చెప్పెను. ఖైదీలే ఆయనకు గురువులైరి.

మఱియొక గురువు ఫ్రాన్సిస్ డీ సేల్స్. జెనీవా పీఠాధిపతియైన ఈ మహనీయుడు 1618లో పారిసు వచ్చినపుడు విన్సెంటునకు బరిచయ మాయెను. ఈయన పేరు ధరించిన సభకు జెందిన గురువులే 19వ శతాబ్ది నడుమ ఆనెసీ నుండి మన విశాఖపట్టణమునకు వచ్చి పాఠశాలలు స్థాపించిరి. ఆయన సాధుత్వమును జూచి విన్సెంటు, ఒక మనుష్యునియందే యింత మంచితన ముండగా దేవునియం దింకెంత యుండునో యని యాశ్చర్యపడెను. ఆయనయు పుట్టుకచేత కోపిష్ఠియే యనియు, ఏండ్లతరబడి సాధనచేసి కోపము నడచెననియు దెలిసిన పిమ్మట విన్సెంటునకు ధైర్యము గలిగెను. 1621లో స్వాసోను పట్టణమున ఏకాంత ధ్యానమునకు గూర్చుండి, తన కఱకు స్వభావమును మార్చి మృదుత్వము దయచేయుమని దేవుని బతిమాలుకొనెను. మార్పు ఒక్కనాటిలో రాలేదు. తరువాత గూడ శిష్యులపై విసుగుకొని, వెంటనే వారి యెదుట మోకరించి క్షమాపణ వేడిన సందర్భములు గలవు.

కోపమునుగూర్చి ఆయన 1659లో శిష్యులకు బోధించిన క్రమము ఆచరణయోగ్యమైనది. కోపముయొక్క మొదటి కదలిక మన వశమున లేదు, అది పాపము కాదు. దానిని గుర్తించి, మొగమునకును మాటకును రానీయకుండుట మొదటి మెట్టు. వచ్చినవానిని ప్రసన్నముగా నాదరించుట రెండవది. పొందిన యవమానమును మనస్సునుండి తొలగించి, చేసినవానికి దానే సాకులు వెదకి క్షమించుట మూడవది. కోపము సర్వదా తప్పనియు ఆయన చెప్పలేదు. దేవాలయమున వర్తకులను దఱిమిన క్రీస్తు కోపము బుద్ధికి లోబడినది. మన కోపము బుద్ధిని లోబఱచుకొనును. శాంతస్వరూపియైన క్రీస్తు చెంత నేర్చుకొనుటకంటె వేఱు మార్గము లేదని ఆయన నమ్మకము. తాను మందలింపునకై పరుషముగా బలికినది జీవితములో మూడు పర్యాయములే యనియు, ఆ మూడును విఫలములై పశ్చాత్తాపమే మిగిలెననియు ఆయన లెక్క చెప్పెను.

1623లో ఆయన స్వగ్రామమునకు బోయి పదిదినములకు లోపుగా నిలిచెను. వీడ్కోలునాడు బంధువులతో, తన యొద్ద సొమ్మున్నను అది బీదలదనియు, తన వలన వారికి భాగ్యము గలుగునని యాశింపవలదనియు నిష్కర్షగా జెప్పెను. చెప్పి, దారి పొడుగునను ఏడ్చెను. మూడు మాసములు ఆ బంధుమోహము తన్ను బాధించెననియు, దేవుని వేడుకొని విముక్తుడైతిననియు ఒప్పుకొనెను. కులసంఘమున గూడిన మనకీ ఘట్టము కొంచెము గుచ్చుకొనును. గుచ్చుకొనవలసినదే. అయినను ఆయన రాతిగుండెవాడు కాడు: అంతర్యుద్ధమున ఆ సీమ పాడై తనవారు నిజముగా నిరుపేదలైనపుడు, ఒక మిత్రుడు వారికొఱకే యిచ్చియుంచిన సొమ్మును వారికి బంపెను. తనవారును బీదల పట్టికలో జేరిన పిమ్మటగాని వారికి జేయి చాపలేదు. ఆయన నడపుచున్న విద్యాలయమునకు అన్నకొడుకొకడు మోటుదుస్తులతో వచ్చినపుడు, మొదట వానిని జాటుగా మేడపైకి దెమ్మనెను. మఱుక్షణముననే తండ్రి విషయమై చేసిన పాపము జ్ఞప్తికి వచ్చెను గాబోలు. తానే వీథివాకిటికి దిగిపోయి, కౌగిలించుకొని, చేయి పట్టుకొని లోనికి దెచ్చి, తన వంశములో నింతటి పెద్దమనిషి లేడని యందఱికి బరిచయము చేసెను.

ఆయన కార్యముల పట్టిక దీర్ఘమైనది, సంగ్రహముగా జెప్పెదను. 1625లో గోండీ దంపతు లిచ్చిన 45,000 లీవరులతో పల్లెలలో బోధించు గురువుల సభను స్థాపించెను. 1633లో లూయీజ్ డీ మారియాక్ అను విధవామణితో గలిసి సేవాకన్యల సమాజమును బ్రారంభించెను. అంతవఱకు కన్యాస్త్రీలు మఠపు గోడలు దాటి రారు. వీరికి రోగుల యిండ్లే మఠములు, వీథులే ప్రాకారములు. ఈ కన్యలలో మొదటిదిగా నెన్నబడు మార్గరీట్ నాసో పసులకాపరి. దారిన బోవువారి నక్షరము లడిగి చదువు నేర్చికొని, పల్లెపిల్లలకు జెప్పెను. మహామారి సోకిన స్త్రీని తన పక్కపై బరుండబెట్టుకొని, ఆ జాడ్యముననే 1633లో గన్నుమూసెను. పారిసు వీథులలో బాఱవేయబడిన శిశువులను బిచ్చగాండ్రు కొని, అవయవములు విఱిచి, జాలి పుట్టించి డబ్బు కూడబెట్టెడివారు. 1638లో పండ్రెండుగురు శిశువులతో ఆయన వారి పోషణ నారంభించెను. 1639 మొదలు యుద్ధముచే నాశనమైన లొరేన్ సీమకు ధనము నంపెను. మాత్యూ అను సోదరుడు సంచిలో దానిని దాచుకొని, దోపిడిగాండ్ర నడుమ ఏబదికి బైగా ప్రయాణములు చేసెను.

1649లో పారిసు ప్రజలు రాణిపైనను, మంత్రియగు మజరేనుపైనను దిరుగబడిరి. ముదుసలి విన్సెంటు జనవరి చలిలో, వఱదలో నదిని దాటి గుఱ్ఱముపై రాణి సన్నిధికేగి, ప్రజల యాకలి తీఱుటకు మంత్రిని దూరము చేయుమని మొగమునెదుటనే చెప్పెను. ఫలితము లేకపోయెను. రాజపక్షమున కాగ్రహము, ప్రజలకు సందేహము. ఆయన మఠమును సైనికులు కొల్లగొట్టిరి. పారిసు వెలుపల తిరుగాడుచునే మిగిలిన సంస్థలను బర్యవేక్షించెనుగాని, ఎవ్వరిపైనను నిష్ఠురమాడలేదు.

కడపటి సంవత్సరములలో కాళ్లు పుండ్లు పడి నడవలేకపోయెను. 1660 మార్చిలో లూయీజు మరణించినపుడు తుదిచూపునకైన బోలేకపోయెను. ఆ సెప్టెంబరు 27వ తేదీ తెల్లవాఱుజామున, కుర్చీయందు గూర్చుండియే, శిష్యులు మేల్కొని ప్రార్థనకు గూడు వేళకు, ఆయన ప్రాణము విడిచెను.