వేమన పద్యాలకు వరుస కట్టిన బ్రౌన్ దొర

కడప పట్టణం ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. అది ఉన్న చోటు సామాన్యమైనది కాదు. సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం అక్కడ బ్రౌన్ దొర బంగళా, దాని చుట్టూ తోట ఉండేవి. ఆ బంగళాలో పండితులు, లేఖకులు తాటాకు ప్రతులు ముందు పెట్టుకుని తెలుగు కావ్యాలను సరిచూస్తూ ఉండేవారు. ఈనాడు బడి పిల్లలు సైతం అప్పచెప్పే వేమన పద్యాలు ఒక క్రమంలో పుస్తకరూపం దాల్చడానికి ప్రధాన కారకుడు ఆ దొరే.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హేలీబరీ కళాశాలలో కుంఫిణీ కొలువుకు కావలసిన చదువు పూర్తి చేసి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క కూడా రాదు. సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఓనమాలు దిద్దుకున్నారు.

1820 ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకునిగా వచ్చారు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడన్నది అప్పటి గవర్నరు సర్ థామస్ మన్రో అభిప్రాయం. హాన్‌బరీ తెలుగులో ధారాళంగా మాట్లాడేవారు. ఆయన దగ్గర పని చేసిన రెండేళ్లలో బ్రౌన్‌కు వాడుక తెలుగు పట్టుబడింది. కాని కావ్యభాష అంతుపట్టలేదు. 1822లో మచిలీపట్నానికి బదిలీ అయ్యారు.

మలుపు తిప్పిన పుస్తకం

మచిలీపట్నంలో ఉండగా 1824లో ఫ్రెంచి మతాచార్యుడు అబే దుబాయ్ రాసిన గ్రంథం ఆయన చేతికి వచ్చింది. హిందువుల ఆచార వ్యవహారాలను గురించిన ఆ గ్రంథంలో వేమన ప్రస్తావన ఉంది. తెలుగువారి కవిని గురించి తెలుగుదేశంలో ఉంటూ ఒక ఫ్రెంచి రచన ద్వారా తెలుసుకోవలసి రావడం బ్రౌన్‌ను ఆలోచింపజేసింది. వెంటనే వేమన పద్యాల ప్రతుల కోసం వెతుకులాట మొదలుపెట్టారు.

పండితులను అడిగితే పెదవి విరిచారు. వేమన పలుకు వారి దృష్టిలో కవిత్వం కాదు. వ్యాకరణానికి లొంగడు, కులాన్ని, కర్మకాండను నిలదీస్తాడు, పామరుల నాలుక మీద ఆడుతాడు. అయితే బ్రౌన్‌కు కావలసింది సరిగ్గా ఆ పామరుల తెలుగే. ప్రజలకు అర్థమయ్యే మాటలలో పెద్ద విషయాలు చెప్పిన కవి ఆయనకు దొరికాడు.

చిక్కుముడి వంటి పని

ప్రతులు దొరికిన కొద్దీ పని తేలిక కావలసింది పోయి మరింత చిక్కుపడింది. కథాకావ్యమైతే ఒక పద్యం జారిపోయినా కథ తెగిన చోటు కనిపిస్తుంది. శతక పద్యం అలా కాదు. దేనికదే ముక్తకం. ముందు వెనుకలు మారినా, నడుమ వంద పద్యాలు పోయినా తెలియదు. ఒక ప్రతిలో ఉన్నది మరొక ప్రతిలో లేదు. ఉన్న పద్యమైనా ఒకే తీరున లేదు. ఒకచోట మొదటి పాదం మారింది. మరొకచోట రెండు పద్యాల పాదాలు కలిసిపోయాయి. వేమన మకుటం తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా వేమన పద్యంగా చలామణి కాగలదు. ఇందులో అసలేది, కొసరేది?

బ్రౌన్ పండితుల సహాయంతో ప్రతులను ఒకదానితో ఒకటి సరిపోల్చారు. ఏరిన పద్యాలను నీతి, మతం, అధిక్షేపం వంటి విషయాలను బట్టి విడదీశారు. ప్రతి పద్యాన్నీ ఇంగ్లీషులోకి అనువదించారు. ఇలా సిద్ధమైన 693 పద్యాల సంపుటి 1829లో మద్రాసులో అచ్చయింది. అక్కడితో ఆయన తృప్తి పడలేదు. కొత్త ప్రతులు సేకరిస్తూనే ఉన్నారు. పదేళ్ల తరువాత, 1839లో వెలువడిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు చేరింది.

ఆయన ఎంపికను, విభజనను తరువాతి పండితులు ప్రశ్నించకపోలేదు. ఒకే పద్యంలో నీతీ ఉంటుంది, ఎత్తిపొడుపూ ఉంటుంది. దానిని ఏ గదిలో పెట్టాలన్నది ఎప్పటికీ తెగని తగవే. అయినా ప్రశ్నించడానికి ముందొక కూర్పంటూ ఉండాలి. ఆ కూర్పును అందించినవాడు బ్రౌన్.

కడప బంగళాలో పండిత సభ

1826లో కడపకు తిరిగి వచ్చిన బ్రౌన్ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించారు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని వ్యవహారాలు చూసేవారు. వాత్యం అద్వైతబ్రహ్మయ్య, జూలూరి అప్పయ్య వంటి పండితులు బ్రౌన్‌కు తోడ్పడ్డారు. వేమన దగ్గర నేర్చిన పద్ధతినే ఆయన పెద్ద కావ్యాలకూ వర్తింపజేశారు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పాఠాంతరాలు గుర్తించడం, చర్చించి మేలైన పాఠం నిర్ణయించడం, శుద్ధప్రతి రాయించడం, వ్యాఖ్య చేర్చడం — ఇదీ క్రమం. జూలూరి అప్పయ్య వ్యాఖ్యలతో వసుచరిత్ర, మనుచరిత్ర అచ్చుకెక్కాయి.

ఇదంతా కుంఫిణీ సొమ్ముతో జరిగింది కాదు. జీతం చాలక బ్రౌన్ అప్పుల పాలయ్యారు. ఆ మీదట ఉద్యోగమే పోయింది. 1832-33లో గుంటూరు సీమను దొక్కల కరువు కబళించినప్పుడు ఆయన అక్కడ పని చేస్తున్నారు. పైవారు కొరత అని సరిపెట్టదలచిన దానిని ఆయన కరువు అనే రాశారు. అధికారులకు అది రుచించలేదు. 1834లో కొలువు నుంచి తప్పించడంతో ఇంగ్లండు వెళ్లవలసి వచ్చింది.

అక్కడా ఊరకుండలేదు. లండన్‌లో కుంఫిణీ గ్రంథాలయంలో దుమ్ముకొట్టుకుని పడి ఉన్న దక్షిణాది భాషల వ్రాతప్రతులను గుర్తించి, అవి మద్రాసుకు తిరిగి చేరేటట్లు చేశారు. 1837లో పర్షియన్ అనువాదకునిగా మళ్లీ కొలువులో చేరారు. తాను సేకరించిన ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. మెకంజీ, లేడెన్ సేకరణలతో పాటు బ్రౌన్ సేకరణ కూడా మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయింది. ఆయన నిఘంటువులు 1852-54 మధ్య వెలువడ్డాయి. మాటకు ఉదాహరణగా కావ్యపాదంతో పాటు వేమన పద్యాన్నీ, వీధి మాటనూ చూపడం ఆ నిఘంటువు ప్రత్యేకత.

పదవీ విరమణ తరువాత లండన్‌లో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యునిగా ఉన్నారు. బ్రహ్మచారిగానే జీవించి 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

కడప ఆయనను చాలాకాలం మరచింది. బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలాయి. బ్రౌన్ వ్రాతపుటలను బంగోరె 1970 దశకంలో వెలికి తీశారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో ఆ బంగళా స్థలంలోనే గ్రంథాలయానికి 1987లో శంకుస్థాపన జరిగింది. తరువాత అది భాషా పరిశోధన కేంద్రమై, 2006లో కడపలో వెలసిన విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం పేరు యోగి వేమన విశ్వవిద్యాలయం. ఏ కవి పద్యాలను బ్రౌన్ ఏరి కూర్చారో, ఆ కవి నీడలోనే ఆయన పేరు పదిలంగా ఉంది.